మన దగ్గర ప్లేటు అంచు లేదు కదా, మరి సాలూరు కొండలు ఎలా పుట్టాయి?

రాజాం ట్యూషన్ టీచర్:

తొమ్మిది, పది తరగతుల పిల్లలకి సోషల్ చెప్తాను. మొన్న భూమి ప్లేట్ల పాఠం, అంటే భూమి పైపెంకులోని కదిలే పెద్ద పలకల గురించి. ఢీకొన్న చోట పర్వతాలు, విడిపోయిన చోట సముద్రాలు, ఒకదాన్నొకటి రాసుకున్న చోట భూకంపాలు అని బోర్డు మీద బొమ్మలేసి చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక గుంటడు లేచి, "టీచర్, మ్యాపులో ఒక గీత హిమాలయాల దగ్గరుంది, ఇంకోటి అండమాన్ దగ్గరుంది. మన దగ్గర ఏ గీతా లేదు. మరి సాలూరు కొండలు ఎవరు పెట్టారు?" అన్నాడు. క్లాసంతా నవ్వారు. నాకు మాత్రం వాడు అడిగింది సబబుగానే అనిపించింది. గైడులో "తూర్పు కనుమలు పురాతన ముడుత పర్వతాలు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. ఎంత పురాతనం? ఎవరు ఎవర్ని గుద్దితే ముడత పడింది? తెలిసినవాళ్ళు పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి. లింకులు వద్దండీ, చూసేశాను.

బోరుబండి:

టీచరు గారూ, ముందు ఆ గుంటడికి నా పేరు చెప్పి పలాస జీడిపప్పు పొట్లం ఒకటి కొనిపెట్టండి.

ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివి బోరు బండి నడుపుకుంటున్నవాణ్ణి. వాడి ప్రశ్నకి జవాబు రోజూ మా బండి కిందే పోగుపడుతుంది. పుస్తకంలో ఉన్న గీతలు ఇవాళ్టివి. పాత గీతలు అందులో వెయ్యరు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపంతా అలాంటి ఒక పాత గీత మీదే కూర్చుంది.

మన వైపు బోరు వేస్తే చాలాచోట్ల ముందు ఎర్రమట్టి వస్తుంది, తరవాత చేత్తో నలిపితే పొడైపోయే తెల్లటి కుళ్ళు రాయి. అది కూలిపోకుండా కేసింగు పైపు దించుతూ పోవాలి, బోరు వేయించుకునేవాళ్ళు అడుగుల లెక్క చూసి గొణుగుతూనే ఉంటారు. దాని కింద గట్టి రాయి తగిలాక, గాలికి పైకొచ్చిన రజనుని ఓ గుప్పెడు కడిగి ఎండలో చూడండి. ముదురు ఎరుపు పలుకులు మెరుస్తాయి. అవి గార్నెట్లు. ఆ రాయి ఖోండలైట్.

అది మొదట్లో రాయి కాదు, సముద్రం అడుగున పేరుకున్న బంకమన్ను, ఇసక. ఆ మన్నులో గార్నెట్, సిల్లిమనైట్ లాంటి ఖనిజాలు ఇలా పుట్టాలంటే 25, 30 కిలోమీటర్ల లోతుకి దిగి 900 డిగ్రీల పైన కాగాలి. సముద్రపు బురద దానంతటది అంత లోతుకి పోదు కదా. రెండు ఖండాలు గుద్దుకుని, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, మధ్యలో దొరికినదాన్ని కిందకి తొక్కేస్తేనే అది జరుగుతుంది. హిమాలయాల కింద ఇప్పుడు జరుగుతున్నది అదే. మన దగ్గర సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట జరిగింది. గర్భాం, గరివిడి మాంగనీసు కూడా ఆ పాత సముద్రం అడుగున చేరి, ఆ వేడికి మారిన సరుకే.

మనల్ని గుద్దింది ఎవరంటారా? తూర్పు అంటార్కిటికా. అక్కడ ఆస్ట్రేలియా వాళ్ళ మాసన్ స్థావరం చుట్టుపక్కల రాళ్ళకీ మన చార్నకైట్లకీ (ఇవీ లోతున బాగా కాగిన గట్టి రాళ్ళే) వయసూ వరసా కలుస్తాయి. ఆ గుద్దుడుతో అతుక్కున్న రెండూ చాలాకాలం కలిసే ఉండి, సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి. మధ్యలో తెరుచుకున్నదే మన సముద్రం. కళింగపట్నం బీచిలో నిలబడితే మీ కాళ్ళ కింద ఉన్నది ఆ చీలిక అంచే అని పిల్లలకి చెప్పండి.

భావనపాడు చిన్నోడు:

అన్నా, అంతా బాగుంది గానీ ఒకటి అర్థం కాలేదు. అంత లోతున కాగిన రాయి ఇప్పుడు కొండ మీదికెలాగొచ్చింది? పైనున్న కొండంతా ఏటైపోనాది?

ఇంకోటి. 2014 మే నెలలో ఓ రాత్రి ఇల్లు ఊగితే అందరం వీధిలోకి పరిగెత్తాం. అంచు లేనప్పుడు అదెందుకు ఊగింది?

బోరుబండి:

తమ్ముడూ, తెప్పలోంచి చేపల గంపలు దించుతుంటే తెప్ప పైకి తేలుతుందా లేదా? ఇదీ అంతే. వానలు, ఏర్లు పైన రాయిని అరగదీసేకొద్దీ బరువు తగ్గి కిందది లేస్తుంది. లేచినది మళ్ళీ అరుగుతుంది. కోట్ల ఏళ్ళు అలా జరిగాక ఒకప్పటి కొండకి అడుగున వేరులా ఉన్న రాయే ఇవాళ మనకి కొండైంది. నాగావళి, వంశధార ఇప్పటికీ ఆ పని మీదే ఉన్నాయి. మీ ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసకలో నల్లవీ ఎర్రవీ చారలు కనిపిస్తాయి చూడు. ఎరుపు గార్నెట్, నలుపులో ఎక్కువ ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం. ఈ కొండలు అరిగి వచ్చినవే.

నువ్వు చెప్పేది మే 21న వచ్చింది, తీవ్రత 6. పుట్టింది బంగాళాఖాతంలో, ఒడిశా తీరానికి దూరంగా. మన ప్లేటు ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతూ టిబెట్టుని నెడుతోంది. ఆ ఒత్తిడి అంచుల్లోనే ఆగిపోదు, ప్లేటు లోపలికీ పాకుతుంది. అప్పుడప్పుడు మధ్యలోనూ ఎక్కడో పట్టు జారుతుంది. అయినా అంచుల్లో వచ్చేంత పెద్దవి మధ్యలో అరుదు. నన్నడిగితే మీ ఒడ్డు వాళ్ళు కాచుకోవలసింది సునామీని. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర మన ప్లేటు కిందికి దూరే చోట జారితే, మూడు గంటలు తిరక్కుండా నీళ్ళు మన తీరానికొచ్చాయి. అండమాన్ అంచు మనకి సుమారు వెయ్యి కిలోమీటర్లు. సముద్రానికి ఆ దూరం ఒక లెక్క కాదు.

రాజాం ట్యూషన్ టీచర్:

చాలా థాంక్సండీ. ఈ రాయి పిల్లలకి చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్ళాలి? క్రషర్ ఒకటి దగ్గరలోనే ఉంది.

బోరుబండి:

క్రషర్ వద్దు టీచరు గారూ, లారీలూ దుమ్మూ. ఎస్.కోట దాటి అరకు ఘాట్ రోడ్డెక్కితే కొండ కోసిన చోట్లు బోలెడున్నాయి. వెడల్పున్న మలుపు చూసి బండి పక్కకి ఆపండి. ఒక సీసాడు నీళ్ళు, ఒక భూతద్దం చాలు. రాయిని తడిపితే ఎరుపు పలుకులు వెంటనే తెలుస్తాయి. సుత్తి మాత్రం పిల్లల చేతికివ్వకండి, పెచ్చులు కళ్ళలో పడతాయి. వానాకాలం అయితే అసలు వెళ్ళొద్దు, ఆ కుళ్ళు రాయి చెప్పకుండా జారుతుంది.