ఓనర్ ఇంటికి బ్యాంకు నోటీసు: అద్దె ఆపేయొచ్చా?

కొర్లగుంట అద్దెదారు:
మూడేళ్లుగా పై పోర్షన్‌లో ఉంటున్నాం. మొన్న గోడకు బ్యాంకువాళ్లు స్వాధీన నోటీసు అంటించిపోయారు. మా అడ్వాన్స్ లక్షన్నర ఓనర్ దగ్గరే ఉంది. ఆయనేమో "నోటీసు రాగానే ఇల్లు మావాడికి గిఫ్ట్ డీడ్ రాసేశా, వాడితో కొత్త అగ్రిమెంట్ చేసుకోండి, ఏం కాదు" అంటున్నాడు. అద్దె ఆపేసి అడ్వాన్స్‌లో చెల్లేసుకుందామని ఉంది. తప్పా?

అలిపిరి కుర్రోడు:
తప్పేముంది స్వామీ! వేలంలో కొన్నవాడు "ఆ అడ్వాన్స్ నాకివ్వలేదు కదా" అంటాడు. ఓనర్ ఫోనే ఎత్తడు. ఆపేయండి.

చిత్తూరు దస్తావేజులాయన:
తొందరపడకండి. ముందు గిఫ్ట్ డీడ్ సంగతి. పేరు మారినంత మాత్రాన తాకట్టు పోదు. పైగా సర్ఫేసీ చట్టం (బాకీ వసూలుకు బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం) 13(2) కింద 60 రోజుల నోటీసు అందాక, బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఓనర్ ఆ ఇంటిని అమ్మడానికీ, లీజుకివ్వడానికీ, ఇంకోలా బదిలీ చేయడానికీ 13(13) ఒప్పుకోదు. కొడుకుతో సంతకం పెడితే మీ మూడేళ్ల అద్దె కాస్తా నోటీసు తర్వాత పుట్టిన అద్దె అయిపోతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీయించి తేదీలు చూడండి.
ఇక అద్దె. ఆపేస్తే రేపు అద్దెదారునని దేంతో రుజువు చేస్తారు? అకౌంట్‌లోనే వేయండి, చేతికివ్వొద్దు.

బైరాగిపట్టెడ లాయర్:
రుజువుంటే సరిపోతుందా? రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌తో ఏడాదికి మించి ఉండే హక్కు లేదని 2019లో బజరంగ్ శ్యాంసుందర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊళ్లో ఎవర్ని అడిగినా రిజిస్టర్ చేయని 11 నెలల కాగితమే కదా. అద్దెదారుకు అనుకూలంగా వచ్చిన 2016 నాటి విశాల్ కల్సారియా సుప్రీంకోర్టు తీర్పు చూపించి ధైర్యం చెప్పేవాళ్లుంటారు, అది రెంట్ కంట్రోల్ చట్టం రక్షణ ఉన్నవాళ్ల విషయం.

చిత్తూరు దస్తావేజులాయన:
నిజమే. అయినా 2016 సవరణతో వచ్చిన సర్ఫేసీ 17(4ఏ) కింద అద్దెదారు డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లొచ్చు. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోపే వెళ్లాలి. లీజు గడువు తీరిందా, నోటీసు తర్వాత పుట్టిందా అన్నవి అక్కడ చూస్తారు. ఆలోపు పాత అగ్రిమెంట్, అద్దె రసీదులు జతచేసి బ్యాంకుకు ఉత్తరం రాసి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

కొర్లగుంట అద్దెదారు:
సరే, కొత్త అగ్రిమెంట్ చేయను. ఈ నెల అద్దె ఓనర్ అకౌంట్‌లో వేస్తా.

అలిపిరి కుర్రోడు:
వేయండి, వేయండి. ఆ లక్షన్నర ఎవరిస్తారో మాత్రం ఇద్దరు పెద్దమనుషులూ చెప్పలేదు!