కన్ను ‘మూస్తే’నా, ‘మోడిస్తే’నా?

పొద్దుతిరుగుడు: పాత స్టూడియోల్లో వినిపించే మాట, సగమే గుర్తుంది: “కన్ను మూస్తే కడ దాకా, తెరిస్తే గడప దాకా.” ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కంత, సంగతేననుకోండి. ఆ ‘మూస్తే’ సరైనదేనా?

అరసున్న: కన్ను మూస్తే మిగిలేది దినవారాలే! అది ‘మోడిస్తే’. అరమోడ్పులోని మోడ్పు. ఎపర్చర్ రేకులు దగ్గరికి ముడుచుకుంటాయే తప్ప మూసుకోవు. ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది, అయినా 50 ఎం.ఎం. లెన్సుకి ఎఫ్/16లో కూడా మూడు మిల్లీమీటర్ల కంత ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్) కెమెరాలో ఐదుంబావు మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టండి, రెండున్నర మీటర్ల నుంచి కొండ దాకా తేటగా వస్తుంది. అదీ ‘కడ’.

చింతచిగురు: మోడ్పు సిగ్గుకీ పరవశానికీ అండీ. దూరం ఆనకపోతే చేసేది చికిలించడం. కళ్ళద్దాలు లేనివాళ్ళు చికిలిస్తే బస్సు బోర్డు కనిపించేదీ ఇందుకే. అతిగా చికిలించి ఎఫ్/22కి పోతే డిఫ్రాక్షన్‌తో, అంటే చిన్న కంతలో వెలుతురు చెదిరి, బొమ్మంతా మెత్తబడుతుంది.

కాకిగోల: ‘కన్ను’ని ఎవరూ అనుమానించరేం? అది ‘కన్నం’. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ నాటకంలోని శర్విలకుణ్ణి తలుచుకోండి. గోడకి కన్నం వేసేముందు విరిసిన పద్మమా, నెలవంకా, పూర్ణకుంభమా అని తర్కించుకునే దొంగ! ఎంత రసికుడో. నల్ల అట్టలో 15 మిల్లీమీటర్ల నెలవంక కోసి ఎఫ్/1.8 లెన్సు ముందు బిగించండి, వెనక ఫోకస్ తప్పి మసకబారిన దీపాలన్నీ నెలవంకలే. లెన్సు మాత్రం పూర్తిగా తెరిచే ఉంచాలి, లేకపోతే రేకులే కొమ్ముల్ని కోసేస్తాయి. వెలుతురూ తగ్గుతుంది, షట్టర్ నెమ్మదించక తప్పదు.

అరసున్న: కన్నాన్ని ఎవరైనా మోడుస్తారా?

కాకిగోల: మూస్తారుగా! పొద్దుతిరుగుడు గారి పాఠమే నిలబడింది.

పొద్దుతిరుగుడు: పోనీ, ‘మూస్తే’ షట్టర్ గురించేమో?

చింతచిగురు: దానికి రెప్ప ఉందిగా. నిమేషమంటే రెప్పపాటే. కుంటాల జలపాతం పట్టులా జారాలంటే రెప్పపాటు చాలదు, ఒకటి రెండు సెకన్లు కావాలి. మబ్బు పగలు ఎఫ్/16, ఐఎస్‌వో (సెన్సర్ చురుకు) 100 పెట్టినా షట్టర్ 1/30 సెకను దగ్గరే ఆగుతుంది. వెలుతురుని ఆరు స్టాపులు, అంటే ఆరుసార్లు సగానికి సగం, తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేస్తే రెండు సెకన్లు. ట్రైపాడ్ లేకపోతే నీళ్ళతో పాటు రాళ్ళూ జారతాయి. మీట నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉండే బల్బ్ మోడ్‌లో పెడితే కెమెరా ఏకంగా అనిమిషుల్లో, రెప్పవేయని దేవతల్లో, చేరిపోతుంది.

అరసున్న: అసలు తప్పు రెండో పాదంలో ఉంది. ‘కడ’కి జోడీగా ‘కడప’ ఉండాలి. కడపన్నా గుమ్మమే.

కాకిగోల: గడపైనా కడపైనా అబద్ధమే. అదే 50 ఎం.ఎం. లెన్సుకి ఎఫ్/1.8లో మీటరు దూరాన తేటగా వచ్చేది నాలుగు సెంటీమీటర్లు. గడప మందం కూడా లేదు!