మూడు దారుల ‘ట్రివియల్’, దారి చూపే ‘క్రూషియల్’

తిరుపతిలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. నిన్న ఒకమ్మాయి నోట్సు చూసి బాధేసింది. క్రూషియల్ అంటే ముఖ్యం, పారమౌంట్ అంటే ముఖ్యం, కార్డినల్ అంటే ముఖ్యం. అన్నిటికీ ఒకే మాట రాసుకుని బట్టీ పడుతోంది. ఇలాగైతే ఖాళీలు పూరించే ప్రశ్న వచ్చినప్పుడు నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనబడి టెన్షన్ పడక ఏం చేస్తుంది?

పారమౌంట్ సులువే, అన్నిటికన్నా పైన ఉండేది. కార్డినల్‌కి మూలం లాటిన్ ‘కార్డో’, అంటే తలుపు కీలు. తలుపంతా తిరిగేది దాని మీదే. మనం ‘కీలకం’ అంటున్నప్పుడు అందులోనూ ఆ కీలే ఉంది కదా!

నాకు బాగా ఇష్టమైన జంట ట్రివియల్, క్రూషియల్. లాటిన్‌లో ‘ట్రివియం’ అంటే మూడు దారులు కలిసే చోటు. అందులోని ‘ట్రి’, మన ‘త్రి’ చుట్టాలే. కూడలిలో ఎవరికైనా దొరికేది కాబట్టి మామూలుది, అక్కణ్ణుంచి అల్పమైనది అయింది. క్రూషియల్ ‘క్రక్స్’ నుంచి వచ్చింది, అంటే శిలువ. 1620లో ఇంగ్లండు తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్, రెండు వివరణల్లో ఏది సరైనదో తేల్చే ఉదాహరణను దారులు చీలే చోట పాతిన శిలువలాంటి గుర్తుతో పోల్చాడు. అక్కణ్ణుంచే క్రూషియల్‌కి ‘తేల్చేది’ అనే అర్థం. చూడండి, రెండు మాటలూ కూడలిలోనే ఉన్నాయి! మా ఊళ్లో నాలుగుకాళ్ల మండపం కూడలి దగ్గర టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు ట్రివియల్. ఊరికి కొత్తగా వచ్చిన యాత్రికుడికి అక్కడే అలిపిరి దారి చూపే బోర్డు క్రూషియల్. పిల్లలకు ఇలాగే చెప్పాను, ఇంక మరిచిపోరు.

వ్యాఖ్య: సార్, మరి పెట్టీకి మన మాట ఏది? ‘చిన్న’ అంటే సరిపోవడం లేదు.

జవాబు: ‘చిల్లర’ అమ్మా. ఫ్రెంచిలో ‘పెటీ’ అంటే చిన్నది, ఇంగ్లీషు ‘పెట్టీ’ అక్కణ్ణుంచే వచ్చింది. ఆఫీసులో పెట్టీ క్యాష్ అంటే చిల్లర ఖర్చుల డబ్బు. మనిషిని పెట్టీ అంటే చిల్లర బుద్ధి. డబ్బుకీ బుద్ధికీ రెండు భాషలూ ఒకే మాట వాడుకున్నాయి. ‘చిన్న’లో ఆ చులకన లేదు, అందుకే మీకు చాలలేదు.

వ్యాఖ్య: మా చిత్తూరు పక్క ‘లెక్క’ అంటే డబ్బే. ‘వాడు నన్ను లెక్కచేయలేదు’ అన్నప్పుడూ అదే మాట. దీనికి ఇంగ్లీషులో ఏమైనా ఉందా అన్నా?

జవాబు: మంచి మాట గుర్తు చేశావు తమ్ముడూ. ‘ఆఫ్ నో అకౌంట్’ అంటారు, అచ్చంగా లెక్కలోకి రానిది అనే. నెగ్లిజిబుల్ కూడా దీని పక్కనే ఉంటుంది. ఫిజిక్స్ లెక్కల్లో గాలి నిరోధం నెగ్లిజిబుల్ అంటారే, అది ఉంది గానీ లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత తక్కువ. ట్రివియల్ విలువలో అల్పం, ఇది కొలతలో అల్పం, రెండిటికీ తేడా అక్కడే. రేపటి క్లాసు నీ ‘లెక్క’తోనే మొదలుపెడతాను.