కార్గిల్‌లో పనిచేసిన నాన్న: గుండె జబ్బుకు ఆ పాత భయాలే కారణమా?

అందరికీ నమస్కారం. మా నాన్న 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ సెక్టార్‌లో పనిచేశారు. ఇప్పటికీ రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తారు, తలుపు గడియ రెండుమూడు సార్లు చూసుకుంటారు. దీపావళి వస్తే ఇంట్లో అందరికీ టెన్షనే. టపాకాయ పేలగానే చెమటలు పట్టి లోపలి గదిలోకి వెళ్లిపోతారు. తోటి జవాను కళ్ల ముందే చనిపోయిన సంగతి ఇన్నేళ్లలో మాకు ఒక్కసారే చెప్పారు, అదీ సగమే.

బీపీ, షుగర్ ఎప్పటినుంచో ఉన్నాయి. పోయిన ఏడాది స్టెంట్ వేశారు. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవాల తర్వాత వెంటాడే మానసిక సమస్య) ఉన్నవాళ్లకు గుండె జబ్బుల ముప్పు ఎక్కువని, ఏళ్ల తరబడి నిద్ర చెడిపోవడం కూడా అందుకు తోడవుతుందని చదివాను. కానీ గుండె డాక్టరు నిద్ర గురించి ఒక్కసారీ అడగలేదు. నాన్నా చెప్పరు. మానసిక వైద్యుడి మాటెత్తితే "నాకేమన్నా పిచ్చా?" అని కోప్పడతారు. ఆ మాట వింటే నాకు ఏడుపొస్తుంది.

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంది. పాలీక్లినిక్ నుంచి సైకియాట్రిస్ట్‌కు రిఫరల్ తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ ఇంట్లో పెద్దాయనను ఎలా ఒప్పించారు? ముందు నేనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడితే ఉపయోగం ఉంటుందా? గుండె మందులతో పాటు నిద్రకు, ఆందోళనకు మందులు వాడినవాళ్లు ఎలా ఉన్నారు? మాజీ సైనికుల భార్యలు, పిల్లలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.