ఏపీఐ రెస్పాన్స్‌లో లింకులు పెట్టాలా, వద్దా? మా టీమ్‌లో తెగట్లేదు

గోదారిగట్టు:
మాది బస్ టికెట్ల బుకింగ్ ఏపీఐ, అంటే యాప్‌లు మా సర్వర్‌ని డేటా అడిగే దారి. కొత్త వెర్షన్ రాస్తున్నాం. ప్రతి రెస్పాన్స్‌లోనూ హాల్ (HAL, లింకులు రాసే ఒక పద్ధతి) ఫార్మాట్‌లో లింకుల బ్లాక్ ఉండాల్సిందే అంటున్నారు మా లీడ్. అంటే టికెట్ వివరాలు అడిగితే డేటాతో పాటు రద్దు, సీటు మార్పు, రసీదు ఎక్కడ దొరుకుతాయో ఆ యూఆర్‌ఎల్స్ కూడా పంపాలి. యాప్ టీమ్ వాళ్లేమో ‘ఆ యూఆర్‌ఎల్స్ మాకు తెలుసు, ఈ చెత్త ఎందుకు’ అంటున్నారు. మధ్యలో నేను నలుగుతున్నా. నిజంగా వాడి చూసినవాళ్లు చెప్పండి.

సెమికోలన్_సుబ్బు:
వద్దు. మేం పెట్టి చూశాం. ఒక్కో ఆబ్జెక్ట్‌కి ఎనిమిది లింకులు, అంటే 50 టికెట్ల లిస్ట్‌లో 400 లింకులు. ఏడాది తర్వాత మా మూడు క్లయింట్ల (ఏపీఐ వాడే యాప్‌ల) కోడ్ వెతికితే ఒక్కటంటే ఒక్కటి కూడా వాటిని చదవట్లేదు. అందరూ డాక్యుమెంటేషన్ చూసి యూఆర్‌ఎల్ చేత్తో అతికించుకున్నారు. విస్తరిలో ఎవరూ ముట్టని కూర వడ్డించినట్టు. పేమెంట్ల కంపెనీ స్ట్రైప్ ఏపీఐ చూడండి, లిస్ట్ అడిగితే ఇంకా పేజీలు ఉన్నాయో లేదో ట్రూ, ఫాల్స్ చెప్తుంది. తర్వాతి పేజీ కావాలంటే చివరి ఐడీ మనమే పంపాలి. దానితో ఎవరికీ ఇబ్బంది రాలేదు.

జడకొప్పు_జావా:
కానీ రెస్ట్ (మనమంతా వాడే ఈ వెబ్ ఏపీఐ శైలి) అన్న మాట పుట్టిందే 2000లో రాయ్ ఫీల్డింగ్ థీసిస్‌లో. హైపర్‌టెక్స్ట్, అంటే రెస్పాన్స్‌లో లింకులు, లేనిదాన్ని రెస్ట్ అనొద్దని 2008లో ఆయనే మళ్లీ రాశాడు.

సెమికోలన్_సుబ్బు:
సరే, రెస్ట్ అనను. అనకపోతే జీతం ఆపరు కదా.

అర్ధరాత్రి_డిప్లాయ్:
సుబ్బు గారి అనుభవం నిజమే. రసీదు లింక్ ఎవరూ చదవరు, టికెట్ ఐడీ తెలిస్తే అదెక్కడుందో ఎలాగూ తెలుసు. కానీ కొన్ని చోట్ల లింక్ ఉందా లేదా అన్నదే సమాచారం.

నేను ఇంతకుముందు చేసిన చోట, బస్ బయల్దేరే 4 గంటల ముందు వరకు రద్దు చేసుకోవచ్చన్న రూల్ బ్యాకెండ్‌లో ఒకసారి, ఆండ్రాయిడ్‌లో ఒకసారి, ఐఓఎస్‌లో ఇంకోసారి రాసి ఉండేది. సంక్రాంతి ముందు కొన్ని రూట్లకి దాన్ని 12 గంటలు చేశారు. బ్యాకెండ్ ఆ రాత్రే మార్చాం. అప్‌డేట్ చేసుకోని ఫోన్లలో మాత్రం రద్దు బటన్ అలాగే ఉంది, నొక్కితే ఎర్రర్. రెండు రోజులు కస్టమర్ కేర్ వాళ్ల చేత తిట్లు తిన్నాం. తర్వాత యాప్‌లోంచి రూల్ పీకేసి, రద్దు లింక్ వస్తే బటన్ చూపించు, రాకపోతే దాచు అని రాసుకున్నాం.

సెమికోలన్_సుబ్బు:
దానికి లింక్ దేనికండీ? ‘రద్దు చేయొచ్చు: ట్రూ’ అని ఒక బూలియన్ పడేస్తే పోలా?

అర్ధరాత్రి_డిప్లాయ్:
సగం పని అవుతుంది, ఒప్పుకుంటా. చేయొచ్చా అన్నది బూలియన్ చెప్తుంది, ఎక్కడ చేయాలో యాప్‌లోనే ఉండిపోతుంది. తర్వాత కొందరు ఆపరేటర్ల రద్దులు వేరే సర్వీస్‌కి మార్చాల్సి వచ్చింది. లింక్ మార్చాం, యాప్ ముట్టుకోలేదు.

పూర్తిగా లింకుల మీదే నడిచేది చూడాలంటే వెబ్‌సైట్లకి ఉచితంగా సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడే ఏసీఎంఈ ప్రోటోకాల్ చదవండి. 2019లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 8555గా వచ్చింది. సర్టిఫికెట్ తెచ్చే క్లయింట్‌కి ముందుగా తెలియాల్సింది డైరెక్టరీ యూఆర్‌ఎల్ ఒక్కటే. ఖాతా ఎక్కడ తెరవాలి, ఆర్డర్ ఎక్కడ పెట్టాలి అన్నవి అందులో ఉంటాయి. ఆర్డర్ పెడితే డొమైన్ మనదేనని నిరూపించుకునే యూఆర్‌ఎల్స్, ఫైనలైజ్ చేసే యూఆర్‌ఎల్ వస్తాయి. సర్టిఫికెట్ యూఆర్‌ఎల్ మాత్రం అది జారీ అయ్యాకే ఆర్డర్‌లో కనిపిస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ డైరెక్టరీలో అర్థంపర్థం లేని పేరుతో ఒక ఎంట్రీ కూడా ఉంటుంది, తెలియనిది కనబడగానే క్లయింట్లు కుప్పకూలకుండా అలవాటు చేయడానికి. ఈ కొంటెతనం నాకు భలే నచ్చింది.

సెమికోలన్_సుబ్బు:
అక్కడ బోలెడు క్లయింట్లు, రకరకాల సర్వర్లు. రాసినవాళ్లు ఒకరినొకరు చూసుకుని కూడా ఉండరు. గోదారిగట్టు గారికి ఒక సర్వర్, రెండు యాప్‌లు, అందరూ ఒకే ఫ్లోర్‌లో. ఇంట్లో వాళ్లకి ఇంటి అడ్రస్ రాసిచ్చినట్టుంటుంది.

పేజీ_రెండు:
పేజినేషన్ (పెద్ద లిస్ట్‌ని పేజీలుగా పంపడం) ఊసే ఎత్తట్లేదేం ఎవరూ? గిట్‌హబ్ తర్వాతి పేజీ అడ్రస్‌ని బాడీకి బయట వచ్చే లింక్ హెడర్‌లో పంపుతుంది. కొన్ని ఎండ్‌పాయింట్లు పేజీ నంబర్‌తో నడుస్తాయి, కొన్ని ఎక్కడిదాకా చదివామో గుర్తుపెట్టే కర్సర్‌తో. హెడర్‌లో వచ్చిన అడ్రస్‌నే పట్టుకుపోయే నా స్క్రిప్ట్‌కి ఆ తేడా కూడా తెలియదు. ఆ హెడర్‌కి 2010 నుంచే ఆర్‌ఎఫ్‌సీ ఉంది, ముందు 5988, 2017 నుంచి 8288. రెస్పాన్స్ బాడీలో ఒక్క అక్షరం పెరగదు.

ప్రాక్సీ_బాధితుడు:
పెట్టేముందు ఒక్క మాట. లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులు సర్వర్లకి పంచే ప్రాక్సీ) వెనకున్న మా సర్వర్, లోపలి హోస్ట్ పేరుతోనే లింకులు తయారుచేసి బయటికి పంపింది. మా ల్యాప్‌టాప్‌లలో అన్నీ బాగానే పనిచేశాయి, ప్రొడక్షన్‌లో ఒక్కటీ తెరుచుకోలేదు. బయటి హోస్ట్ పేరు చెప్పే ఫార్వర్డెడ్ హెడర్లు సరిగ్గా సెట్ చేసుకోండి, అవీ మీ ప్రాక్సీ నుంచి వస్తేనే నమ్మండి. లేదా హోస్ట్ పేరు లేని రిలేటివ్ లింకులు ఇచ్చేయండి, టెన్షన్ ఉండదు. ఇంకోటి, రద్దు లింక్ యూజర్‌ని బట్టి, టైమ్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఆ రెస్పాన్స్‌ని అందరికీ కలిపి కాపీలు దాచే షేర్డ్ క్యాష్‌లో పెట్టకండి.

కోట్లిన్_కోడలు:
యాప్ వైపు నుంచి చెప్తున్నా. సర్వర్ ఇచ్చిన యూఆర్‌ఎల్‌ని కాల్ చేయడం ఆండ్రాయిడ్ నుంచి ఏపీఐలు పిలిచే రెట్రోఫిట్‌లో పెద్ద పనేం కాదు. నా భయం ఆఫ్‌లైన్ గురించి. బస్టాండ్‌లో నెట్ ఉండదని టికెట్‌ని ఫోన్‌లో సేవ్ చేస్తాం. నిన్న సేవ్ చేసినదాంట్లో రద్దు లింక్ ఉంటే ఇవాళ బటన్ చూపించాలా, వద్దా?

అర్ధరాత్రి_డిప్లాయ్:
మంచి ప్రశ్న. లింక్ పక్కనే రద్దు గడువు టైమ్ కూడా పంపేవాళ్లం. అది దాటితే బటన్ దాచేసేది యాప్. ఎలాగూ నొక్కినప్పుడు సర్వర్ మళ్లీ చెక్ చేయాల్సిందే. లింక్ ఉంది కదా అని అనుమతి ఉన్నట్టు కాదు.

సెమికోలన్_సుబ్బు:
చూశారా, రూల్‌లో సగం మళ్లీ యాప్‌లోకే వచ్చింది.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. రద్దు, సీటు మార్పు, తర్వాతి పేజీ, ఈ మూడింటికే లింకులు పెట్టి మిగతావి తీసేద్దామని రేపు మీటింగ్‌లో చెప్తా. సెల్ఫ్ లింక్ (ఆ టికెట్ సొంత యూఆర్‌ఎల్) దగ్గర మాత్రం లీడ్‌తో గొడవ తప్పదు, ఆయనకి అదంటే ప్రాణం.

సెమికోలన్_సుబ్బు:
సెల్ఫ్ ఇచ్చేయండి, ఒక్క లైనే కదా. రద్దుకి మాత్రం నా ఓటు ఇప్పటికీ బూలియన్‌కే.