ఆస్ట్రియా-హంగరీని కూల్చింది యుద్ధమా, 1867 ఒప్పందమా?

గోదారిగట్టు:
అన్ని జాతులు ఒకే గొడుగు కింద ఎన్నాళ్లుంటాయి, ఒకే చక్రవర్తి కింద ఆస్ట్రియా, హంగరీ అని రెండు సగాలుగా నడిచిన ఆస్ట్రియా-హంగరీ ఎప్పటికైనా కూలేదే అని చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను. 1914 నాటికి చెక్ నాయకుల్లో ఎక్కువమంది అడిగింది స్వపరిపాలనే, విడిపోవడం కాదు. 1907లో ఆస్ట్రియా వైపు మగవాళ్లందరికీ ఓటొచ్చింది. నాలుగేళ్ల మొదటి ప్రపంచయుద్ధం, ఆకలి లేకుంటే ఆ రాజ్యం నిలిచేదే.

పాతనోట్లు:
మీరు సగం రాజ్యాన్నే చూపిస్తున్నారండీ. పాత నోట్లు సేకరించేవాణ్ణి కాబట్టి నోటు మీదే చెప్తాను. 1912 నాటి 100 క్రోనెన్ నోటుకి ఒకవైపు జర్మన్, దాంతోపాటు మరో ఎనిమిది భాషల్లో విలువ ఉంటుంది. తిరగేస్తే హంగేరియన్ ఒక్కటే. మన రూపాయి నోటు మీద తెలుగు వరస వెతుక్కున్నవాళ్లెవరికైనా ఆ తేడా గుచ్చుకుంటుంది.

జబ్బు అక్కడుంది. 1866లో జర్మన్ రాజ్యం ప్రష్యా చేతిలో ఓడిన చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, మరుసటేడు హంగేరియన్లతో మాత్రమే రాజీపడి హంగరీ సగం లోపలి పాలన వాళ్ల చేతికిచ్చాడు; 1867 ఒప్పందమంటే అదే. ఆ సగంలో ఉన్న స్లొవాక్‌లను, రొమేనియన్లను హంగరీ రాజధాని బుడాపెస్ట్ దయకి వదిలేశాడు. 1907లో అప్పోని చట్టం వచ్చింది: ఏ భాషా బడిలో చదివినా నాలుగో ఏడు ముగిసేసరికి పిల్లలకు హంగేరియన్‌లో మాట్లాడటం రావాలి. అదే ఏడాది చెర్నోవా ఊళ్లో, తమ పూజారే గుడికి ప్రతిష్ఠ చేయాలని పట్టుబట్టిన స్లొవాక్‌ల మీద పోలీసులు కాల్పులు జరిపితే 15 మంది పోయారు. ఇక ఓటంటారా, హంగరీ జనాభాలో నూటికి ఆరుగురికే.

ఓరుగల్లు:
అన్నా, తప్పంతా బుడాపెస్ట్‌దే అంటే ఎట్ల? 1897లో ఆస్ట్రియా వైపున్న చెక్ ప్రాంతాలు బొహీమియా, మొరావియాల ఉద్యోగులకు చెక్, జర్మన్ రెండూ రావాలని ఆస్ట్రియా ప్రధాని బదేని ఉత్తర్విస్తే, జర్మన్లు వియన్నా వీధుల్లోకొచ్చి ఆయన్ని దించేదాకా ఊరుకోలే. అయితే 1905లో మొరావియాల చెక్‌లకూ జర్మన్లకూ వేర్వేరు ఓటరు జాబితాలు పెట్టి ఆ గొడవను చాలావరకు చల్లార్చిన్రు. అంటే దారి దొరికింది. కానీ దాన్ని రాజ్యమంతా నడిపిద్దామంటే 1867 ఒప్పందం అడ్డం.

గోదారిగట్టు:
చెర్నోవా సంగతి నాకు తెలీదండీ, చదివి బాధేసింది. ఒక మాట ఒప్పుకుంటాను: 1918 అక్టోబరు 16న కార్ల్ చక్రవర్తి సమాఖ్య ప్రకటన చేసినప్పుడు కూడా హంగరీ కిరీటపు నేలల్ని ముట్టుకోలేకపోయాడు. కానీ అదే ఏడాది జనవరిలో పిండి రేషన్ తగ్గించగానే సమ్మెకి దిగిన వియన్నా కార్మికులు అడిగింది రొట్టె, శాంతి. వాళ్లలో జర్మన్ మాట్లాడేవాళ్లే ఎక్కువ. ఆ ఆకలిని భాషా తగువు ఖాతాలో ఎలా రాస్తాం?