కగ్గదాసపురలో వెనక గదికి వైఫై రావట్లేదు, ఏ రౌటర్ కొనాలి?

కగ్గదాసపుర నుంచి (కొత్తగా వచ్చాను):

అందరికీ నమస్తే. కాకినాడ నుంచి బెంగళూరు వచ్చి మూడు నెలలైంది. కన్నడ ఇంకా స్వల్పమే. మాది మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ తీసుకుని ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టేశాను. హాల్లో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా 92, 93 దగ్గరే ఆగిపోతోంది. వెనక బెడ్‌రూములో అయితే 8. మా ఆవిడ ఆఫీసు పని చేసుకునేది అక్కడే. మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ బొమ్మలా నిలిచిపోతోందట. నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తే "నాళె బర్తీని సార్" అంటాడు. నాళె అంటే రేపు అని తెలిసింది గానీ ఏ రేపో తెలీలేదు.

రౌటర్ ఊరి నుంచి తెచ్చుకున్నదే, 2019లో కొన్నా. పెట్టె మీద ఏసీ1200 అని ఉంది. వీధి చివర షాపులో ఆరు యాంటెన్నాల గేమింగ్ రౌటర్ 6,500కి ఇస్తానంటున్నాడు. కొనేయమంటారా?

వైట్‌ఫీల్డ్ నుంచి:

ఆగు తమ్ముడూ. యాంటెన్నాలు ఎక్కువైతే గోడ పల్చబడదు. మారతహళ్లి అక్క వచ్చేదాకా డబ్బు జేబులోనే ఉంచుకో.

మారతహళ్లి నుంచి:

వచ్చాను. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో, క్యాబ్‌లో ఉన్నా కాబట్టి తీరిగ్గానే రాస్తా.

నీకున్నవి రెండు జబ్బులు, నువ్వు అడుగుతున్నది ఒకటే మందు. హాల్లో 93 రావడం ఒకటి, బెడ్‌రూములో 8 రావడం ఇంకొకటి.

ముందు 93 సంగతి. 93, 94 అనే అంకె దగ్గర పదే పదే ఆగిపోతే నాకు వెంటనే రౌటర్ వెనక పోర్టుల (కేబుల్ గుచ్చే రంధ్రాల) మీద అనుమానం వస్తుంది. చవక రౌటర్లలో ఆ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. అందులో డేటా వెంట వెళ్లే చిరునామాలూ గట్రా పోగా మన చేతికొచ్చేది 94 దాకానే. పైన ఎంత పెద్ద ట్యాంకు ఉన్నా దిగే పైపు అర అంగుళానిదైతే ఏం లాభం? ఏసీ1200 అని ఉంది కదా అంటావేమో. వైఫై రెండు బ్యాండుల్లో, అంటే రెండు రేడియో దారుల్లో, నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 867, రెండూ కూడి దగ్గరి పెద్ద అంకె చేసి 1200 అని రాస్తారు. నీ ఫోను ఒకసారికి ఒక బ్యాండులోనే ఉంటుంది, పైగా అది గాల్లో లెక్క. వెనక పోర్టుల గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. టీపీ-లింక్‌లో ఆర్చర్ సీ50 మీదా ఏసీ1200 అనే ఉంటుంది, ఆర్చర్ సీ6 మీదా అదే ఉంటుంది. మొదటిదాని వెనక 100 పోర్టులు, రెండోదాని వెనక గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు. షాపులో ఈ తేడా ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

అయితే రౌటర్‌నే దోషి అనకముందు కేబుల్‌ని కూడా అనుమానించు. లాన్ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలుంటాయి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. మిగతా నాలుగిట్లో ఒక్క తీగ తెగినా లైను చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది, నెట్ మాత్రం బాగానే వస్తున్నట్టు కనిపిస్తుంది. మా ఇంట్లో తలుపు సందులో నలిగిన కేబుల్ వల్ల నేను రెండు నెలలు ప్రొవైడర్‌ని తిట్టుకున్నా.

ఈ రాత్రి ఒక పని చెయ్యి. ల్యాప్‌టాప్‌ని నేరుగా ఫైబర్ పెట్టెకి (బయటి ఫైబర్ తీగ వచ్చి చేరేదానికి) కేబుల్‌తో కలిపి, ఫాస్ట్ డాట్ కామ్ సైట్‌లో వేగం చూడు. తర్వాత అదే కేబుల్‌తో రౌటర్‌కి కలిపి చూడు. ల్యాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేక యూఎస్‌బీ అడాప్టర్ వాడితే, ఆ అడాప్టర్ గిగాబిట్‌దో కాదో ముందు చూసుకో. పాతవి 100వి ఉంటాయి, అనవసరంగా మళ్లీ 94 చూసి బెంగపడతావు.

ఇక 8 గొడవ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా వెళ్తుంది గానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. ఇక్కడి ఇళ్లలో గోడలు చాలావరకు కాంక్రీటు బ్లాకులవి. రెండు గోడలు దాటేసరికి ఫోను 5ని వదిలేసి 2.4కి దిగుతుంది. అక్కడేమో సంతలా ఉంటుంది. ఆ బ్యాండులో ఒకదాని మీదొకటి పడని చానళ్లు మూడే, 1, 6, 11. మీ వీధిలో ఉన్న రౌటర్లన్నీ ఆ మూడిట్లోనే సర్దుకోవాలి. నీ ఫోనులో వైఫై జాబితా తెరిచి ఎన్ని పేర్లు కనిపిస్తాయో లెక్కపెట్టు. అసలు రౌటర్ ఇంట్లో ఎక్కడుంది?

కగ్గదాసపుర నుంచి:

అక్కా, వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండ్ మీద. ఫైబర్ అక్కడి నుంచే లోపలికొచ్చింది కాబట్టి అక్కడే పెట్టేసి పోయారు. దానికీ బెడ్‌రూముకీ మధ్య రెండు గోడలు, ఒక బీరువా. పేర్లు లెక్కపెట్టా, 34.

మారతహళ్లి నుంచి:

ఇనప బీరువానా? సరిపోయింది. అది వైఫైకి గోడ కంటే గట్టి అడ్డం. కొత్తది కొనేముందు ఉన్నదాన్నే ఇంటి మధ్యలోకి జరిపి చూడు. ఫైబర్ తీగని మాత్రం ముట్టుకోకు, లోపల గాజు, వంచితే పోతుంది. ఫైబర్ పెట్టె ఉన్నచోటే ఉంటుంది, దాని నుంచి రౌటర్‌కి వెళ్లే లాన్ కేబులే పొడుగుది కావాలి.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి:

ఇంత పరీక్షలెందుకండీ, రెండు డబ్బాల మెష్ సెట్ (రెండుచోట్ల పెడితే ఒకే వైఫైగా నడిచేది) కొనేస్తే పోలా? నేను నిరుడు పెట్టించా, ఇల్లంతా ఫుల్.

మారతహళ్లి నుంచి:

మీది డ్యూప్లెక్స్ ఇల్లు అని గుర్తు, అక్కడ మెష్ సరైనదే. రెండు బెడ్‌రూముల అద్దె ఇంటికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. తీగ లేని మెష్‌లో రెండో డబ్బా కూడా మొదటిదాని సిగ్నల్‌నే అందుకుని పంచాలి. సిగ్నల్ అందని బెడ్‌రూములో దాన్ని పెడితే అదేం పంచుతుంది? పైగా రెండు బ్యాండుల చవక మెష్‌లో తెచ్చుకోవడానికీ ఇవ్వడానికీ అదే గాలి, వేగం సగం దాకా పడిపోతుంది. సిగ్నల్ అందుకుని మళ్లీ పంచే చవక ఎక్స్‌టెండర్ల గోలా ఇదే. డబ్బాల మధ్య కేబుల్ లాగితే ఈ బాధ ఉండదు, కానీ కేబుల్ లాగగలిగినవాడికి మెష్ ఎందుకు?

హోరమావు నుంచి:

మా అన్నయ్య అమెరికా నుంచి తన పాత రౌటర్ పంపాడు, అలాంటిదేదైనా ఉంటే వాడుకోవచ్చు. నాది మూడేళ్లు బాగానే పనిచేసింది. చెడిపోయాక ఇక్కడ వారంటీ లేదన్నారు, అంతే సంగతులు. చపటా పిన్ను కోసం వాడిన కన్వర్టర్ కూడా వదులై, కదిపితే ఆగిపోయేది.

కగ్గదాసపుర నుంచి:

పరీక్షలు చేశా. ఫైబర్ పెట్టెకి నేరుగా కలిపితే 197. రౌటర్ నుంచి 94. కేబుల్ మార్చినా 94. అక్క చెప్పిందే, నా రౌటర్ పోర్టులు 100వి.

పక్కింటాయన దగ్గర పొడుగు కేబుల్ అడిగి తెచ్చి, రౌటర్‌ని రెండు బెడ్‌రూముల మధ్య నడవాలో స్టూలు మీద పెట్టా. వెనక గదిలో 8 కాస్తా 70 అయింది! మా ఆవిడ మూడు మీటింగులు ఆగకుండా చేసింది. ఇప్పుడు కొత్తది కొనాలా వద్దా అని కొత్త టెన్షన్.

వైట్‌ఫీల్డ్ నుంచి:

వీడియో కాల్‌కి 4 ఎంబీపీఎస్ ఉంటే ఎక్కువ. నన్నడిగితే ప్లాన్ 100కి దించుకుని పాత రౌటర్‌తోనే హాయిగా ఉండు.

మారతహళ్లి నుంచి:

మామూలుగా అయితే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ ఆరు నెలల డబ్బు కట్టేశాడుగా, 200కి కట్టి 94 వాడటం ఎందుకు? పైగా 2019 నాటి మోడల్, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో కంపెనీ సైట్‌లో చూసుకో. రాకపోతే అదొక్కటే చాలు మార్చడానికి.

కొనేటప్పుడు ఇవి చూడు. వాన్ (నెట్ లోపలికొచ్చేది), లాన్ (ఇంట్లో పరికరాలకి వెళ్లేవి) పోర్టులన్నీ గిగాబిట్ అని పెట్టె మీద రాసి ఉండాలి, "10/100" అని మాత్రమే ఉంటే వదిలెయ్. వైఫై 6 (నీ ఏసీకి తర్వాతి తరం, పెట్టె మీద ఏఎక్స్ అని ఉంటుంది) తీసుకో, అందులో మొదటి మెట్టు ఏఎక్స్1500 నీకు చాలు. వైఫై 6లో అసలు మెరుగు ఒక్క ఫోనుకి వచ్చే వేగం కాదు, ఇంట్లో ఫోన్లూ టీవీ ల్యాప్‌టాప్‌లూ ఒకేసారి అడిగినప్పుడు వరస తొందరగా కదలడం. వైఫై 7 పరికరాలకి ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది. దాన్ని అందుకునే ఫోను నీ దగ్గర లేకపోతే 200 ప్లాన్‌కి ఆ డబ్బు దండగ. వీధి చివర షాపువాడు అమ్మజూపిన 6,500 గేమింగ్‌దీ అంతే.

కేబుల్‌కి ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్లు, చిక్‌పేట మెట్రోలో దిగి నడవచ్చు. ఆదివారం వెళ్లకు, చాలా షాపులు మూసి ఉంటాయి. క్యాట్ 6 రకం కేబుల్ అడుగు, ఫుల్ కాపర్ కావాలని గట్టిగా చెప్పు. అల్యూమినియం తీగకి పైన రాగి పూత వేసినవి చవకగా అంటగడతారు, అవి వంపుల దగ్గర తొందరగా విరుగుతాయి. ఓనర్ గోడకి మేకు కొట్టనివ్వకపోతే అంటించే క్లిప్పులు దొరుకుతాయి, తలుపు చట్రం పైనుంచి తిప్పుకో.

కగ్గదాసపుర నుంచి:

కొన్నా అక్కా. ఏఎక్స్1500, నాలుగు గిగాబిట్ పోర్టులు. కేబుల్‌తో కలిపి 3,000 లోపే. నడవాలో పెట్టా. హాల్లో 190 పైన, వెనక గదిలో 150 దాకా. ఒకటే చికాకు, ఫోనులోంచి ప్రింటర్ కనబడటం లేదు. ప్రింటర్ ఇంకా ఫైబర్ పెట్టె వైఫైకే ఉంది.

మారతహళ్లి నుంచి:

ఫైబర్ పెట్టె కూడా ఒక రౌటరే, నీ కొత్తదీ రౌటరే. ఒకదాని కింద ఒకటి రెండు వేరు నెట్‌వర్కులు నడుస్తున్నాయి. కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ నడపకుండా వైఫై మాత్రమే పంచేలా) మార్చు, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. ఫైబర్ పెట్టె వైఫైని ఆపేసి, ప్రింటర్‌ని కొత్తదానికి కలుపు. పాత ప్రింటర్లు, స్మార్ట్ ప్లగ్గులు చాలావరకు 2.4లోనే పనిచేస్తాయి, కాబట్టి ఆ బ్యాండు ఆపకు. చానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం) ఆపు.

బొమ్మనహళ్లి నుంచి:

నాది కూడా ఒక మాట. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉన్నా ఆ ప్లగ్గుకి లైను ఉండకపోవచ్చు, చూసుకో. రౌటర్లకి చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ మీద 12 వోల్టులా 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది చూసి దానికి తగ్గది కొను. రౌటర్‌కొక్కదానికే పెట్టి ఊరుకోకు, ఫైబర్ పెట్టెకి కూడా కావాలి. నేను మొదట రౌటర్‌కే పెట్టా. కరెంటు పోయినా వైఫై గుర్తు నిండుగా ఉండేది, నెట్ మాత్రం శూన్యం.

కగ్గదాసపుర నుంచి:

ప్రింటర్ వచ్చేసింది! చివరి ప్రశ్న అక్కా. పాత రౌటర్‌ని హాల్లో టీవీకి వాడుకోవచ్చా? యాక్సెస్ పాయింట్ మోడ్ అనేది దాంట్లో కనబడటం లేదు.

మారతహళ్లి నుంచి:

వాడుకోవచ్చు, టీవీకి 94 బోలెడు. ముందు దాన్ని ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌కి కలిపి ఐపీ (నెట్‌వర్కులో దాని చిరునామా) మార్చు. అదీ ఫైబర్ పెట్టె రెండూ 192.168.1.1 అయితే తన్నుకుంటాయి. 192.168.1.250 లాంటిది పెట్టు, ఫైబర్ పెట్టె పంచే అంకెల్లో అది లేకుండా చూసుకో. తర్వాత డీహెచ్‌సీపీ సర్వర్ (పరికరాలకి ఐపీ అంకెలు పంచేది) ఆపు. హాల్లోకి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టుల్లో ఒకదాంట్లో పెట్టు. పక్కింటాయన కేబుల్ ఆయనకి తిరిగి ఇచ్చావా?